కడుపులో కడలిపాచి, కుర్చీలో అత్తగారు

సహస్రకిరణుడు మేడల అంచులకు పసిడిపూత పూయుచుండ, దుకాణాల షట్టర్లు రణభేరీనాదముతో పైకి లేచుచుండ, పిప్పిపళ్ళ పాలిటి ప్రళయాగ్నియు అప్రతిహత పట్టకారధారియు నగు దంతవైద్యుడు క్లినిక్కు తెరచి, ఎదురుమేడ వంక రౌద్రముగ చూచెను. అందునూ ఒక దంతవైద్యుడే ఉండెను మరి!

కాని అసలు శత్రువు కడుపులోనే కాపురముండెను. పేగువాపు! అది రగిలినప్పుడెల్ల మన వీరుడు, “నోరలాగే ఉంచండి, ఇప్పుడే వస్తా” యని స్నానాలగదిపై దండయాత్రకు బయలుదేరెడివాడు. ఆ మధ్య కట్టుడుపళ్ళకై అచ్చు తీయుచు, మెత్తని మిశ్రమము నిండిన పళ్ళెమును సాక్షాత్తు అత్తగారి నోట బిగించి అట్లే పరుగెత్తెను. మిశ్రమము బిగిసెను. అల్లుని తిట్టితీరవలసిన శుభఘడియలో తిట్టలేక ఆమె కుతకుతలాడెను.

నోటికి విముక్తి కలిగిన తక్షణమే, “ఇంకోసారిలా వదిలేసి పోయావో అల్లుడూ, ఎదురుమేడెక్కేస్తా!” అని ఘోరశపథము పట్టెను. సొంత అత్తగారే పరాయి పళ్ళతో నవ్వినచో, ఆ వీధిలో ఆయన నవ్వునకు విలువేది?

అంతట కడుపు డాక్టరు మాత్రలకు తోడు సముద్రపు పాచిపొడి ఇచ్చి, “ఇందులో పాలీశాకరైడ్లని పొడుగాటి చక్కెర గొలుసులుంటాయి. మనకవి అరగవు. పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు వాటిని తిని, వాపును చల్లార్చే ఆమ్లాలు తయారుచేయొచ్చు. మీకు పనిచేస్తుందో లేదో చూద్దాం” అనెను.

“ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళ పళ్ళ పాచి గీకారు. చివరికి పాచే దిక్కయింది!” అని భార్య మురిసిపోయెను.

అచ్చుమిశ్రమమూ సముద్రపు పాచి సంతతియే. అందువలన అలవాటు పడిన హస్తము, పొడిని పాలలో చకచక మెదిపి, తాగుట మాని, గడియారము వంక చూచుచు గడ్డకట్టువరకు నిలిచెను. గ్లాసు బోర్లించినను అది జారదాయెను.

“ఏంటండీ, గ్లాసుకి పళ్ళు కట్టిస్తున్నారా?”

“చేతికేం తెలుస్తుందే, అది మందో అచ్చో!” అని గొణిగి, వీరుడు చెంచాతో ఆ దుర్గమును తవ్వి తినెను. వారములు గడచినను చేయి మారలేదు, చెంచాయూ తప్పలేదు.

నేడు అత్తగారు మరల అచ్చునకై కుర్చీ నధిష్ఠించెను. పళ్ళెము పైదవడకెక్కెను. అప్పుడే ఆయన ఉదరగహ్వరమున గుడగుడ! అత్తగారి చూపు అల్లుని పొట్టపై వ్రాలి, ఎదురుమేడపైకి మరలెను. వీరుడు మనసులో గర్జించెను: “ఓ అదృశ్యసూక్ష్మసైనికులారా! నా ఉప్పు తిన్నారు, అదీ సముద్రపుటుప్పు! ఈ అంతర్యుద్ధమున నా పరువు నిలుపుడు!”

గుడగుడ ఘూర్ణిల్లెను, తిరుగాడెను, ఒక్క త్రేన్పై ఆకాశమున లీనమయ్యెను.

మిశ్రమము బిగిసెను. పళ్ళెము “టప్”మని వెలికివచ్చెను.

“ఇక్కడే ఉన్నావే!” అనెను అత్తగారు, తిట్టుటకేమియు దొరకక.

“ఉన్నానత్తయ్యా!”

“సర్లే, కిందిది కూడా నువ్వే తీయి.”

దిక్కులారా, వినుడు! పైదవడ మనదే!