సున్నాకి వేలు లేదు

మానవజాతి నిప్పును, చక్రాన్ని, ఆవకాయను కనిపెట్టాక కొంతకాలం ఖాళీగా కూర్చుంది. ఆ తరువాత లేచి తోటవారిపాలెం శాఖా గ్రంథాలయంలో ఉచిత వైఫై పెట్టింది.

రెడ్డిగూడెం దాటి మామిడితోటల్లోకి వెళ్తే వచ్చే ఈ ఊళ్లో, లైబ్రేరియన్ ప్రేమ్‌చంద్‌ని ‘డిజిటల్ మార్గదర్శి’గా కూడా నియమించారు. శిక్షణ తరగతిలో ప్రొజెక్టర్ ఆగిపోతే ప్లగ్గు పీకి మళ్లీ పెట్టింది అతనే మరి. తన సాంకేతిక పరిజ్ఞానం అక్కడ మొదలై అక్కడే ముగుస్తుందని లోకంలో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ ప్రేమ్‌చందే.

పై ఆఫీసు, అంటే ‘అంతర్జాల చేరువ సంచాలకుల కార్యాలయం’, నియమాలు పంపింది. గ్రంథాలయం కనుక మాట గట్టిగా వినిపించకూడదు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు, చూపించకూడదు. కీబోర్డు మీద మార్గదర్శి తప్ప ఇంకెవరూ వేలు పెట్టకూడదు. (చివరి రెండు నియమాలకీ పొసగడం లేదని ఫోన్ చేస్తే, రెండూ అమలు చేయమన్నారు.)

ప్రేమ్‌చంద్ తండ్రి మామిడి దళారీ. మార్కెట్లో దళారీ, రైతూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని ధర తేల్చుకుంటారు. పక్కవాడికి వినపడదు, కనపడదు. ఇంకేం కావాలి? ఓటీపీ కూడా తువ్వాలు కిందే. మూడుకి మూడు వేళ్లు. ఐదు దాటితే చెయ్యంతా ఒకసారి పట్టి, మిగిలినవి మళ్లీ. పై ఆఫీసు మెచ్చుకుని, ముద్ర వేసిన తువ్వాలు పంపింది. ప్రేమ్‌చంద్ ఆ రోజు అద్దంలో తనను తాను కాస్త ఎక్కువసేపే చూసుకున్నాడు.

ఈలోగా గాలివాన వచ్చి, చిన్నరాయప్ప కౌలుకి తీసుకున్న తోటలో కాయంతా రాల్చేసింది. నష్టాన్ని ఆన్‌లైన్లో నమోదు చేసుకోవడానికి ఆ సాయంత్రం ఐదింటితో గడువు సరి. నమోదు కాకపోతే పరిహారం ఉండదు. కౌలు మాత్రం ఉంటుంది. ఊళ్లో ఫోన్లకి మెసేజీలు వస్తున్నాయి గానీ నెట్ లేదు. రాయప్ప మధ్యాహ్నమే గ్రంథాలయానికి వచ్చి, తువ్వాలు కింద చెయ్యి పెట్టి, ఆగిపోయాడు.

“మాస్టారూ, ఇందులో సున్నా ఉందండి. సున్నాకి ఏ వేలివ్వాలి?” అని గొణిగాడు.

(ఓటీపీలో కొంత భాగం బయటపెట్టినందుకు అతన్ని మందలించవలసి ఉంది.)

ప్రేమ్‌చంద్ తన వేళ్లు తానే ఒకసారి లెక్కపెట్టుకున్నాడు. మామిడి బేరంలో సున్నా ఎప్పుడూ తగల్లేదు. సున్నాకి కాయ ఎవడమ్ముతాడు? పై ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఉపసంచాలకులు లక్ష్మీనరసింహారావు గారు నిదానంగా ఆలోచించి సెలవిచ్చారు: “సున్నా లేని ఓటీపీ వచ్చేదాకా ప్రయత్నించమనండి.”

ప్రయత్నించారు. సున్నా వచ్చింది. మళ్లీ సున్నాయే వచ్చింది. ప్రేమ్‌చంద్ రూటరు ఆపి మళ్లీ వేశాడు, తెలిసింది అదే కాబట్టి. ఐదు కావస్తుండగా రాయప్ప ముఖం విప్పారింది. వేళ్లన్నీ చకచకా ఇచ్చాడు. ప్రేమ్‌చంద్ అంతే చకచకా కొట్టాడు. ఓటీపీ తప్పని తెర మీద వచ్చింది. ఆ వెనకే గడువు ముగిసిందని కూడా వచ్చింది.

“అన్నీ సరిగ్గానే ఇచ్చానండి. చివర నాలుగు,” అన్నాడు రాయప్ప.

ప్రేమ్‌చంద్ తెర వంక చూశాడు. చివర మూడు ఉంది. రైతు చివర ఎన్ని వేళ్లిచ్చినా అందులో ఒకటి మడిచెయ్యమని చిన్నప్పుడు తండ్రి నేర్పాడు. ఆ చెయ్యి ఇన్నేళ్ల తరువాత కూడా, ఆ హడావుడిలో, తన పని తాను చేసుకుపోయింది. మన వేలితో మన కన్నే పొడుచుకోవడం అంటారు. ప్రేమ్‌చంద్ వేలు రాయప్ప కన్ను పొడిచింది.

“ఒకటి తగ్గించానయ్యా,” అన్నాడు తల ఎత్తలేక. “అలవాటు.”

“మీ నాన్నగారూ అంతేనండి,” అన్నాడు రాయప్ప.

తెర మీద ఇంకో ప్రశ్న మిగిలింది: మా సేవకు ఎన్ని నక్షత్రాలు? దీనికి జవాబు లేకుండా మనిషిని బయటికి పంపకూడదు. ప్రేమ్‌చంద్ తువ్వాలు కింద చెయ్యి చాపాడు. రాయప్ప ఒక్క వేలూ ఇవ్వలేదు. గుప్పిట మూసి, అతని అరచేతిలో పెట్టి, కాసేపు అలాగే ఉంచాడు.

సున్నాకి గుర్తు కనిపెట్టినందుకు ప్రేమ్‌చంద్‌ని అభినందిస్తూ పై ఆఫీసు ఇంకో తువ్వాలు పంపింది.