నిన్‌కంపూప్ పుట్టిల్లు

మాటల పుట్టుక గురించి క్రిస్పిన్ రాస్తే అందులో వెంట్రుకవాసి తప్పు ఉండదని యార్క్‌షైర్ మొత్తం ఒప్పుకుంటుంది. మొత్తం అంటే క్రిస్పినూ, వాళ్ళమ్మా. వాళ్ళమ్మకి కాస్త అనుమానం ఉంది.

ఆ శనివారం పొద్దున అతని పథకం చిన్నదే. పదింటికల్లా థిసిల్‌బెక్ ఊరి పత్రికకి తన అరపేజీ శీర్షిక రాసి పడేసి, చేపలు పట్టడానికి పోవాలి. ఈసారి మాట 'నిన్‌కంపూప్'. అంటే శుద్ధ వెర్రివెంగళప్ప. కర్నల్ ఫెర్రిస్ గారు పోస్ట్‌మ్యాన్ మొదలు పాదిరీ దాకా అందరినీ పిలిచేది ఆ మాటతోనే. నిఘంటువు తీస్తే 'పుట్టుక తెలియదు' అని ఉంది. రెండు మాటలతో అరపేజీ నిండదు కదా!

అందుకని అల్లేశాడు: మూడు వందల ఏళ్ళ కిందట మన ఊళ్ళోనే నికమ్ పూప్ అనే పెద్దమనిషి, టోపీ తడుస్తుందని దాన్ని కోటు కింద దాచుకుని వానలో నడిచేవాడు; ఆ మాట ఆయన పేరే; ఆయన ఇల్లు చర్చి పక్క నాలుగో నంబరు. చేతికొచ్చిన నంబరు వేశాడంతే. అది తను అద్దెకున్న ఇల్లేనని అచ్చయ్యాక తట్టింది. ఊరంతా వెతికినా అద్దెకి దొరికే గది అదొక్కటే.

ఇంటావిడ మిసెస్ లాంగ్‌స్టాఫ్ చదివింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నలభై ఏళ్ళుగా ఉంటున్నాను, ఒక్కరైనా చెప్పలేదేంటయ్యా! గొప్పోళ్ళ ఇళ్ళకి పెడతారే నీలం పలక, అది నా గోడకీ పెట్టించాల్సిందే."

"గోడ పాడవుతుందండీ..."

"నోర్మూసుకుని టీ తాగు."

సోమవారానికి కర్నల్ గారి అధ్యక్షతన పలక కమిటీ పుట్టింది. ఆ ఊళ్ళో వాన పడ్డా కమిటీ వేస్తారు. బుధవారం పక్కూరు ఓవర్‌బెక్ నుంచి ఉత్తరం వచ్చింది: పూప్ గారు మా ఊరివారు, పెళ్ళయ్యాకే మీ ఊరొచ్చారు. గురువారం ఎనభై ఏడేళ్ళ ముసలాయన ఒకడు తాను పూప్ వంశాంకురాన్నంటూ సాక్ష్యంగా తన ముక్కు చూపించాడు.

"కర్నల్ గారూ, ఆ పూప్ అసలు లేడనుకోండి..." అని నసిగాడు క్రిస్పిన్.

"లేకపోవడమేంట్రా నిన్‌కంపూప్! పేరు చెక్కించేశాం."

శనివారం వానలో, గొడుగుల కింద, పలక మీది గుడ్డ లాగబోతుండగా, శీర్షిక చదివి నిఘంటువు ఆఫీసు నుంచి మిస్ ట్రిప్ దిగింది.

"ఏ పుస్తకంలో చూశావు నాయనా? ఏ ఏడు అచ్చయింది? అచ్చులో తేదీ చూడందే మేం దేన్నీ నమ్మం."

క్రిస్పిన్ బూట్లకేసి చూసుకున్నాడు. "పుస్తకం లేదండీ. అరపేజీ ఖాళీగా ఉంది. చేపలకి టైమైపోతోంది. నేనే పుట్టించాను."

మిసెస్ లాంగ్‌స్టాఫ్ మొహం వాడిపోయింది. "అయితే నా ఇంట్లో నిన్‌కంపూప్ ఎవరూ లేరన్నమాట. సాయంత్రానికి గది ఖాళీ చెయ్!"

మిస్ ట్రిప్ కళ్ళజోడు తుడుచుకుంది. "తొందరపడకమ్మా. తనుండే ఇంటికే వెర్రివాణ్ణి అంటగట్టి, ఊరందరి ముందూ ఒప్పుకున్నాడు. ఈ మాట వాడకానికి ఇంత మంచి ఉదాహరణ ముప్ఫై ఏళ్ళలో నేను చూళ్ళేదు."

"అంటే, పలక ఉంచుకోవచ్చా?"

"పేరు మారిస్తే చాలు."

గది దక్కింది. చూడ్డానికి వచ్చేవాళ్ళు నిరాశపడకుండా, ఆదివారాలు మూడు నుంచి ఐదు దాకా క్రిస్పిన్ ఇల్లు కదలకూడదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.