మధ్యలో తెగిన పలకరింపు

ఆ మంగళవారం పొద్దున హోదన్ పెట్టుకున్న పని ఒక్కటే. ఊళ్లో ఉన్న సోమాలీ తల్లిదండ్రులందరికీ ఫోన్లో ఒక కబురు పంపాలి. సాయంత్రం ఏడింటికి బడుల బోర్డు సమావేశం ఉంది, అందరూ రండి అని. అంతే.

అంతే అని తేలిగ్గా తీసుకునే కబురు కాదది. ఆ సమావేశంలో తేలబోయేది ఆమె ఉద్యోగమే. అమెరికాలోని మిన్నెసోటాలో సగం ఏడాది మంచు కిందే పడుకునే ఆ చిన్న ఊరికి, టర్కీ కోళ్ల ఫ్యాక్టరీలో పని ఉందని సోమాలీలు వచ్చి చాలా ఏళ్లయింది. వాళ్ల పిల్లలు చదివే సర్కారు బడులన్నిటికీ కలిపి అనువాదకురాలు హోదన్ ఒక్కతే. పిల్లవాడికి జ్వరమొచ్చినా, లెక్కల్లో సున్నా వచ్చినా, బస్సు దారి మారినా ఆ సంగతి సోమాలీ ఇళ్లలోకి ఆమె గొంతులోంచే వెళ్లేది. ఇప్పుడు బోర్డులో కొందరికి ఒక యంత్రం నచ్చింది. అది ఏ భాషనైనా ఏ భాషలోకైనా మార్చేస్తుందట. జీతం అడగదట. శుక్రవారం నమాజుకు వెళ్లొస్తానని కూడా అనదట.

"తల్లిదండ్రులు వచ్చి నాలుగు మాటలు చెప్తే మీ ఉద్యోగం నిలుస్తుంది హోదన్" అన్నాడు ఆమె పై అధికారి డ్వేన్. "రాకపోతే ఖాళీ కుర్చీలే మాట్లాడతాయి."

"వస్తారు సార్. నా గొంతు వింటే మంచం పట్టినవాళ్లు కూడా లేచొస్తారు" అంది హోదన్. తన గొంతంటే ఆమెకు అంత నమ్మకం. ఆ నమ్మకానికి పోయిన వారమే చిన్న గాటు పడింది.

పోయిన వారం మంచు ఎక్కువై బడికి సెలవిచ్చారు. హోదన్ "రేపు బడి లేదు, పిల్లల్ని పంపకండి" అని టకటకా చెప్పి కబురు పంపేసింది. మర్నాటి నుంచి బజారుకు వెళ్తే చాలు, తిట్లే. అందరికంటే గట్టిగా తిట్టింది ఇబాదో అత్త. సమోసాల్లాంటి సంబూసాలు, అన్నం, మేకమాంసం అమ్మే హోటల్ ఆవిడది. ఊళ్లో సగం వార్తలు ఆ పొయ్యి దగ్గరే ఉడుకుతాయి.

"ఏమే, ఫోన్ చేసి బాగున్నావా అని అడగవు, ఇంట్లో ఎలా ఉన్నారని అడగవు, ఫలానాది లేదని చెప్పి ఠపీమని పెట్టేస్తావా? కరెంటాఫీసు వాళ్లయినా దండం పెట్టి మాట్లాడతారే!"

"అది రికార్డు అత్తా. నేను మీతో మాట్లాడటం కాదు."

"గొంతు నీదా కాదా?"

"నాదే."

"మరి మర్యాద ఎవరిదే?"

అందుకే ఈసారి హోదన్ గట్టిగా అనుకుంది, ఒక్కరి చేత కూడా మాట అనిపించుకోకూడదని. జిరాక్సు మిషన్లున్న చిన్న గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. గొంతు సవరించుకుని, పుట్టింటికి వెళ్లినదాన్లా నిండుగా మొదలుపెట్టింది. "మీకు శాంతి కలగాలి. బాగున్నారా? ఇంట్లో అందరూ క్షేమమా? పిల్లలు క్షేమమా? రాత్రి నిద్ర పట్టిందా? మీ అమ్మగారి ఒంట్లో ఎలా ఉంది? మన దేశంలో మనవాళ్లున్న చోట వానలు పడ్డాయా? అంతా ఆ దేవుడి దయ. ఇక నా సంగతంటారా, నేను..." అలా తన క్షేమం కూడా చెప్పి, సాయంత్రం సమావేశం గురించి, ఎక్కడ, ఎందుకు, ఎవరెవరు రావాలో చక్కగా వివరించింది. ఒక్కసారి కూడా తడబడలేదు. తాను చెప్పింది తాను మళ్లీ వినే అలవాటు ఆమెకు లేదు. మీట నొక్కి పంపేసింది.

ఇంటింటికీ కబురు మోసే ఆ ఫోన్ల మిషన్ అర నిమిషం దాటితే మాటను కోసేస్తుంది. ఇంగ్లీషులో ఎవరూ ఎవరి అమ్మగారినీ అడగరు కాబట్టి ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ తెలియదు.

అలా మధ్యాహ్నం ఊళ్లో ప్రతి సోమాలీ ఇంట్లో ఫోన్ మోగింది. హోదన్ గొంతు అందరి క్షేమాలూ అడిగింది. "ఇక నా సంగతంటారా, నేను..." అంది. తరువాత కుయ్యిమని ఒక కూత. తరువాత ఏమీ లేదు.

ఆ తరువాత జరిగినదంతా హోదన్‌కు సాయంత్రం గాని తెలియలేదు. మధ్యాహ్నం నుంచి ఆమె ఒక తల్లికీ ముగ్గురు టీచర్లకీ మధ్య కూర్చుని మాటలు మారుస్తూ ఉంది. అలాంటప్పుడు ఫోన్ కట్టేసి ఉంచాలన్నది ఆఫీసు నియమం. ఆ నియమాన్ని ఎన్నడూ తప్పలేదని ఆమె నలుగురిలో చెప్పుకుంటుంది కూడా.

ఇబాదో అత్త కబురు వినగానే గరిటె కింద పడేసింది. "నేను అని ఆగిపోయింది పిల్ల! నేను ఏమిటి? నేనేమైపోయాను అని చెప్పబోయింది?" వెంటనే ఫోన్ చేసింది. మోగలేదు. పక్కింటావిడ చేసింది. మోగలేదు. కబురు వచ్చిన నంబరుకే తిరిగి చేస్తే ఎవరో ఇంగ్లీషులో ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అన్నారు.

అత్త చున్నీ చుట్టుకుని హోదన్ ఇంటికి పరుగెత్తింది. పొద్దున చలికి కారు కదలకపోతే హోదన్ బస్సులో ఆఫీసుకు వెళ్లింది. కారు మంచు కప్పుకుని ఇంటి ముందే ఉంది. భర్త లారీ వేసుకుని పక్క రాష్ట్రం డకోటా వైపు పోయాడు. పిల్లలు బడిలో ఉన్నారు. తలుపు ఎంత బాదినా ఎవరూ తియ్యలేదు.

"కారుంది, మనిషి పలకడం లేదు" అని అత్త ఒక్కరితో అంది. ఆ ఒక్కరు ఇంకొకరితో "లోపల పడిపోయి ఉందట" అన్నారు. మసీదు దగ్గరకు చేరేసరికి "ఆంబులెన్సు తీసుకుపోయిందట" అయింది. ఫ్యాక్టరీ గేటు దాటేసరికి "చివరి మాటగా అందరి క్షేమం అడిగి పోయిందట, ఎంత మంచి మనిషి" అని ఆడవాళ్లు చేతి తొడుగులు విప్పేసి కళ్లు తుడుచుకున్నారు. ఫోన్ల కొట్టు మూసేశారు. బట్టల కొట్టు మూసేశారు. ఊరికి పెద్దదిక్కైన హాజీ గులేద్ చేతికర్ర అందుకుని "ఆఫీసుకు వెళ్దాం పదండి. వాళ్లకు తెలియకుండా ఉంటుందా" అన్నాడు. పరామర్శకు వట్టి చేతులతో వెళ్లరు కాబట్టి అత్త అన్నం గిన్నెలు, సంబూసాల బుట్టలు కార్లలోకి ఎక్కించింది.

ఏడయింది. అదే ఆఫీసు మేడ మీద బోర్డు హాల్లో హోదన్ కుర్చీలన్నీ ఒకసారి చూసింది. ఖాళీ. తలుపు దగ్గరకు వెళ్లి మెట్ల వైపు తొంగిచూసింది.

"కబురు పంపారుగా?" అన్నాడు డ్వేన్ మెల్లగా.

"పంపాను సార్. ఎప్పుడూ లేనంత బాగా చెప్పాను."

బోర్డు అధ్యక్షురాలు లిండ్‌క్విస్ట్ కళ్లద్దాలు సర్దుకుని, "అనువాదకురాలి ఉద్యోగం గురించి మాట్లాడేవారు ఎవరైనా ఉన్నారా?" అని హాలు కలయజూసింది. మూలన కూర్చున్న బట్టతల సభ్యుడు, ఆ యంత్రాన్ని తెమ్మన్నవాడు, ఖాళీ కుర్చీల వైపు చూసి పెన్ను మూత తీశాడు.

అప్పుడు తలుపులు ధడాలున తెరుచుకున్నాయి. ముందు అన్నం గిన్నె వచ్చింది, దాని వెనక ఇబాదో అత్త. హోదన్‌ని చూసి ఆవిడ కెవ్వుమంది.

"బతికే ఉన్నావా ముదనష్టపుదానా!"

గిన్నె డ్వేన్ చేతిలో పెట్టి, హోదన్‌ని కావలించుకుని, వీపు మీద రెండు దెబ్బలేసి, మళ్లీ కావలించుకుంది. ఆమె వెనకే జనం. కుర్చీలు నిండాయి. గోడల వారగా నిండారు. మెట్ల మీద కూడా నిండారు. "బతికే ఉంది, బతికే ఉంది" అని మాట కిందికి పాకింది. కింద నుంచి దేవుడికి స్తోత్రాలు పైకి వచ్చాయి. హోదన్‌కు విషయం అర్థమయ్యేసరికి చెవుల దాకా వేడెక్కింది.

అధ్యక్షురాలు ఇదంతా ఉద్యోగం కోసం చేస్తున్న ప్రదర్శన అనుకుంది. "మీ తరఫున ఒకరు మాట్లాడండి. హోదన్, మీరు మాకు మార్చి చెప్పండి" అంది.

హాజీ గులేద్ మైకు దగ్గరకు వచ్చాడు. "అమ్మాయ్, ముందు వీళ్లని అడుగు, ఇళ్లలో అందరూ క్షేమమేనా అని."

హోదన్ అడిగింది. బోర్డు వాళ్లు మొహాలు చూసుకున్నారు. "క్షేమమే" అంది అధ్యక్షురాలు. కళ్లద్దాలు తీసి, "మా అమ్మ మాత్రం జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది" అంది.

"అయ్యో పాపం, ఎవరు చూసుకుంటున్నారు?" అన్నాడు హాజీ. వెనక నుంచి అత్త, "ఇల్లెక్కడో కనుక్కోవే, సూపు పంపుతాను" అంది. హోదన్ అదీ చెప్పింది.

అప్పుడు హాజీ అసలు మాటకు వచ్చాడు. "మేం ఈ సభకు రాలేదు. సభ ఉందనే మాకు తెలియదు. ఈ పిల్ల చచ్చిపోయిందనుకుని వచ్చాం. పొద్దున ఇది పంపిన కబురులో కబురే లేదు."

హోదన్ నోరు తెరిచి ఆగిపోయింది. హాల్లో కుర్చీల మీద ఉన్న బోర్డు వాళ్లెవరికీ సోమాలీ రాదు. "మా హోదన్ మాకు కావాలంటున్నారు" అంటే చాలు, ఉద్యోగం దక్కుతుంది. కానీ ఇన్నేళ్లలో ఏ తల్లి మాటా టీచరు దగ్గర ఆమె మెత్తబరచలేదు. ఏ టీచరు మాటా తల్లి దగ్గర మార్చలేదు. తన పరువు దగ్గరకు వచ్చేసరికి మార్చేస్తే ఆ గొంతు ఇంకెందుకు? ఆమె నిటారుగా నిలబడింది. చచ్చిపోయిందనుకోవడం దగ్గర నుంచి కబురులో కబురు లేకపోవడం దాకా, ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో చెప్పింది. డ్వేన్ అన్నం గిన్నె పట్టుకునే కళ్లు మూసుకున్నాడు.

"అంటే ఆమె పంపిన సమాచారం అందలేదన్నమాట" అని బట్టతల సభ్యుడు రాసుకున్నాడు.

"ఏమంటాడే ఆయన?" అన్నాడు హాజీ.

"నా కబురు చేరలేదంటున్నారు తాతా."

"నిజమే, చేరలేదు. చెప్పు ఆయనకి. పోయిన నెల పరీక్షకని వాళ్ల యంత్రం చేత ఒక కబురు పంపారు. అది పూర్తిగా చేరింది. సెలవని చెప్పింది. ఎవరిదో తెలియని గొంతు. ఏదో అమ్మడానికొచ్చారని అందరం ఫోన్ పెట్టేశాం. పిల్లలు మంచులో బస్సు కోసం నిలబడ్డారు. ఈ పిల్ల గొంతు సగమే వచ్చింది. ఆ సగానికే పొయ్యి ఆర్పి, కొట్లు మూసి, పని మానుకుని వచ్చాం. దేనికో తెలియకుండానే వచ్చాం. మొత్తం చెప్పి ఉంటే ఎంతమందిమి వచ్చేవాళ్లమో మీరే ఆలోచించుకోండి."

హోదన్ అదీ చెప్పింది. చివరికి వచ్చేసరికి రెండుసార్లు ముక్కు చీదింది.

"ముక్కు చీదకుండా చెప్పవే" అని అత్త గదమాయించింది. "మాటలు మింగేస్తున్నావ్."

అప్పటికే సంబూసాల బుట్ట బోర్డు బల్ల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. అధ్యక్షురాలు హోదన్ ఉద్యోగం ఉండాలన్నవారు చేతులెత్తమంది. అన్ని చేతులూ లేచాయి. బట్టతల సభ్యుడిది కాస్త ఆలస్యంగా లేచింది, అందులో సంబూసా ఉంది.

జనం హోదన్‌ని ముందు పెట్టుకుని, పెళ్లికూతుర్ని తీసుకెళ్తున్నట్టు మెట్లు దిగబోతుంటే అధ్యక్షురాలు వెనక నుంచి పిలిచింది. "హోదన్, ఈ హాలుకు ఇంతమంది ఎప్పుడూ రాలేదు. వచ్చే నెల బస్సు దారుల మీద సమావేశం ఉంది. దానికి కూడా ఇలాగే రప్పించగలరా?"

"తప్పకుండా మేడమ్" అంది హోదన్. "కాకపోతే ఈసారి చచ్చిపోయేది ఎవరో బోర్డే తీర్మానించాలి."