మహాగజ వారి సన్మానపత్రం

మా బాస్ విశ్వేశ్వరరావుగారి కంపెనీ పేరు మహాగజ సొల్యూషన్స్. సింగపూర్‌లోని చాంగీ బిజినెస్ పార్క్‌లో ఆఫీసు. ఉద్యోగులం పంతొమ్మిది మందిమి. పేరు చూసి మోసపోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఆయనకు ఈమధ్య ఒక కోరిక పుట్టింది. ఆన్‌లైన్‌లో ఉన్న తెలుగు విజ్ఞాన సర్వస్వంలో మహాగజ మీద వ్యాసం ఉండాలట.

"ఉపేంద్రా, నువ్వే రాసిపెట్టు. వ్యాసం నిలబడితే టీమ్ లీడ్ పోస్టు నీదే," అన్నారు. ఆ పోస్టు కోసం ఆరేళ్లుగా కళ్లు కాయలు కాచేలా చూస్తున్నాను.

రాయడం నాకు కొత్తేమీ కాదు. ఇక్కడి తెలుగువాళ్ల సభల్లో సన్మానపత్రాలన్నీ నావే. అలవాటు కొద్దీ "ఆసియా ఖండానికే తలమానికం మహాగజ; దాని అధినేత మృదుభాషి, అజాతశత్రువు" అని దంచేశాను.

గంట తిరక్కుండా వ్యాసం నెత్తిన ఒక పట్టీ వచ్చి కూర్చుంది: 'ఇది ప్రకటనలా ఉంది. సరిచేయకపోతే తొలగిస్తాం.'

నేను కంగారు పడలేదు. ఇలాంటి వ్యాసాలను పరీక్షించే వాలంటీరు మా ఇంట్లోనే ఉంది. నా భార్య కాత్యాయని. శనివారం పొద్దున మా జురాంగ్ వెస్ట్ ఫ్లాట్‌లో నేనే కాఫీ కలిపి తీసుకెళ్లాను.

"ఏం కావాలి?" అంది, కప్పు అందుకోకుండానే.

"ఆ పట్టీ ఒక్కటి పీకెయ్."

"కుదరదండీ. అది మీ కంపెనీ, నేను మీ భార్యను. నేను చెయ్యి పెట్టకూడదు."

"ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. అయినా ఈ అజాతశత్రువుకి ఆధారమేదీ?"

"అందరికీ తెలిసిందేగా!"

"ఉగాదికి సెలవివ్వలేదని మీరు ఆయన్ని తిట్టిన తిట్లు నాకింకా గుర్తే."

నాకు పౌరుషం వచ్చింది. పడగ్గదిలో కూర్చుని మూడు కొత్త ఖాతాలు తెరిచాను. నిజాయితీ నాగయ్య, తటస్థ తాయారమ్మ, సత్యాల సుబ్బారావు. ఆ వ్యాసం చర్చా పేజీలో ముగ్గురి చేతా వ్యాసం నిష్పక్షపాతంగా ఉందని రాయించాను. పాడు అలవాటు! ముగ్గురూ "వేదికనలంకరించిన పెద్దలకు నమస్కారం" అనే మొదలుపెట్టారు.

మా అమ్మాయి కీర్తిక తొంగిచూసి, "డాడీ, సో ఆబ్వియస్ లా!" అని సింగపూర్ యాసలో అనేసి వెళ్లిపోయింది.

పది నిమిషాల్లో నిర్వాహకులు ముగ్గురి ఖాతాలూ మూసేశారు. కింద కాత్యాయని తన సొంత పేరుతో రాసింది: "ఈ కంపెనీ ఉద్యోగి ఉపేంద్ర నా భర్త. అందుకే నేను వ్యాసాన్ని ముట్టుకోను. పై ముగ్గురూ ప్రస్తుతం మా పడగ్గదిలోనే ఉన్నారు."

ముక్కూ మొహం తెలియని ఇంకో వాలంటీరు వచ్చి వ్యాసాన్ని కోసి పారేశాడు. చివరికి మిగిలింది ఇంతే: 'మహాగజ సింగపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఉద్యోగులు పంతొమ్మిది మంది.' పట్టీ మాత్రం పోయింది.

సోమవారం రావుగారు పిలిచారు. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను.

"రెండు ముక్కలే అయినా వ్యాసం నిలబడిందయ్యా," అన్నారు. "చర్చ అంతా చదివాను. మీ ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. నీ పోస్టు సంగతి ఆవిడనే అడుగుదాం." నా ఫోన్‌లోంచే కలిపి స్పీకర్లో పెట్టారు.

"అమ్మా, మీ ఆయన టీమ్ లీడ్‌గా పనికొస్తాడంటావా?"

"అంకుల్, నేను ఆయన భార్యను. నా అభిప్రాయం చెల్లదు. సాక్ష్యం ఉన్నవి మాత్రం చెప్తాను. ఇంటినుంచి పనిచేసే రోజు లేచేది పదింటికి. భోజనం కాగానే రెండు గంటలు నిద్ర. మా అమ్మాయి దగ్గర వీడియో ఉంది."

పోస్టు నా పక్క సీటు అరుంధతికి వెళ్లింది.

సాయంత్రం ఇంటికొచ్చి నిలదీశాను. నిజంగానే బాధేసింది. "కనీసం మంచివాడని ఒక్క మాట అనలేకపోయావా?"

"అందామనే నోటిదాకా వచ్చిందండీ. ఆధారంగా ఎవర్ని చూపించను?"

"మా అమ్మ ఉందిగా!"

"ఆవిడ మీకు దగ్గర బంధువు," అంది కాత్యాయని. "చెల్లదు."