రబ్బరు బ్యాండు బరాత్

మన దేశంలో ఏ వస్తువైనా గాలిలోకి లేవాలంటే ముందుగా దాని కాగితాలు కదలాలి. ఆ వస్తువే కాగితంతో చేసినదైతే, ఏ కాగితం ముందు కదలాలన్న విషయంలో అధికారులకు ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు.

ఈ సత్యం కళావతి టీచరుకు ఉద్యోగం చివరి వారంలో బోధపడింది. వరంగల్‌లోని ఒక సర్కారు హైస్కూల్లో ముప్పై మూడేళ్లుగా ఆమె భౌతికశాస్త్రం చెబుతోంది. ప్రతి ఏడూ తొమ్మిదో తరగతి పిల్లలకు "ఈసారి రబ్బరు బ్యాండ్లతో రాకెట్ల పోటీ పెడదాం" అని మాటివ్వడం, ప్రతి ఏడూ ఏదో ఒకటి అడ్డు రావడం. ఒక ఏడు ఎన్నికల డ్యూటీ, ఒక ఏడు సర్వే డ్యూటీ, ఒక ఏడు ఆ సర్వేలో తప్పులు వెతికే డ్యూటీ. బడి మైదానంలోనా, అదనపు గది కోసం పోసిన కంకర మూడేళ్లుగా కూర్చుంది (గది రాలేదు గానీ, కంకర మాత్రం ఒక్క రోజు హాజరు తప్పలేదు). ఇక మార్చి నెలాఖరు సోమవారం ఆమె పదవీ విరమణ. శనివారం పోటీ, సోమవారం శాలువా అని గట్టిగా అనుకుంది.

నలభై రెండు మంది పేర్లిచ్చారు. అందులో కొత్తవాడ నేత కుటుంబం పిల్ల తేజస్వి ఒకతి. మగ్గం మీద దారం చుట్టే పాత ప్లాస్టిక్ కండెను ముక్కుగా పెట్టి రాకెట్ చేసుకొచ్చింది.

"టీచర్, ఈసారన్న నిజంగ ఎగరేస్తమా? నాలుగేండ్ల కింద మా అక్కకు గూడ గిట్లనే చెప్పిన్రట. దాని రాకెట్ ఇంక మా సజ్జ మీదనే ఉన్నది."

కళావతికి సిగ్గేసింది. "ఎగరేస్తం బిడ్డా, ఒట్టు" అంది. ఒట్టయితే పెట్టింది గానీ మైదానం ఏది?

మైదానం, సర్కారు మైదానాలు కేటాయించే 'సులభ మైదానం' అనే యాప్‌లో ఉంది. అందులో "కార్యక్రమం రకం" అన్నచోట పెళ్లి, బరాత్, బహిరంగ సభ, సంతాప సభ, చీరల ఎగ్జిబిషన్ వరుసగా ఉన్నాయి. సైన్సు లేదు. ఆమె "ఇతరములు" నొక్కి, "రబ్బర్ బ్యాండ్లతో రాకెట్ల పోటీ, 42 మంది" అని రాసింది. బుధవారం పొద్దున్నే జవాబొచ్చింది: "మీ కార్యక్రమంలో బ్యాండ్, రాకెట్లు ఉన్నందున దీనిని బరాత్‌గా గుర్తించడమైనది. వరుని పేరు తెలుపగలరు. శుభాకాంక్షలు."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. అదృష్టవంతులు, యాప్ చూడకుండానే పోయారు.

కళావతి ఆ యాప్ నడిపే ఆఫీసుకు వెళ్లింది. అక్కడ ఉప సహాయ మైదాన సమన్వయాధికారి నర్సయ్య ఉన్నాడు (పోస్టు తాత్కాలికం, పద్నాలుగేళ్లుగా).

"సార్, బ్యాండ్ అంటె బ్యాండ్ మేళం గాదు. రబ్బర్ బ్యాండ్."

"సమజైంది మేడం. బ్యాండ్ పేరు రబ్బర్. మా తమ్ముని పెండ్లికి డైమండ్ బ్యాండ్ పెట్టినం."

ఇక లాభం లేదని ఆమె బల్ల మీది ఫైలుకున్న రబ్బరు బ్యాండు లాగి, రెండు వేళ్లకు తగిలించి, తన టోకెన్ చీటీని మడిచి వదిలింది. చీటీ గది దాటి అవతలి గోడ మీది క్యాలెండర్‌కు తగిలింది. నర్సయ్య నోరు తెరిచి చూశాడు. ఆ ఆఫీసులో ఒక కాగితం అంత వేగంగా కదలడం ఆయన సర్వీసులో అదే మొదటిసారి.

"మస్తుగున్నది మేడం. గని సైన్సు పోటీ అని మాకు కాలమ్ లేదు."

"పెట్టున్రి మరి."

"ఎవలన్న అప్లై చేస్తె పెడ్తరు. ఏడాదికొకపారి లెక్క దీసి పైకి రిపోర్ట్ పంపుతం."

"కాలమ్ లేకుంటె అప్లై ఎట్ల చేస్తరు సార్?"

"గదే గద మేడం. అందుకే ఎవ్వలు చేస్తలేరు."

ఆయన మంచి మనిషి. దారులన్నీ విడమరిచి చెప్పాడు. బరాత్ తీసేసి రాకెట్ ఉంచితే అది బాణసంచా, పరిశీలనకు ఇరవై ఒక్క పనిదినాలు. రాకెట్ తీసేసి రబ్బర్ ఉంచితే అది స్టేషనరీ అమ్మకం, దానికి దుకాణం లైసెన్సు కావాలి. బరాత్‌కైతే అదే రోజు అనుమతి (ముహూర్తం ఆగదు గనుక, నియమం 7-బి).

"జర నా మాట వినున్రి. బరాత్ అనే పెట్టున్రి. రాకెట్లు అండ్లనే కలిసి వస్తయ్. ఫికర్ జెయ్యకున్రి."

"జవాబు రాకపోతే వదిలెయ్యండి గానీ తప్పు మాత్రం రాయకండి" అని ముప్పై మూడేళ్లు పిల్లలకు చెప్పిన మనిషి కళావతి. గుమ్మం దాకా వచ్చి ఆగింది. సజ్జ మీది రాకెట్ గుర్తొచ్చింది. సరే, ఒక్కసారికి తప్పే రాద్దాం అనుకుంది. ఆ తొందరలో ఫైలు రబ్బరు బ్యాండు ఆమె చేతికి గాజులాగా ఉండిపోయింది.

వరుడికి ఇరవై ఒక్కేళ్లు నిండాలి, ఆధార్ ఉండాలి. అంత తక్కువ వ్యవధిలో దొరికిన వరుడు ఒక్కడే. ఆమె భర్త కృష్ణమోహన్, బట్టల దుకాణం నుంచి మధ్యాహ్నం భోజనానికి వచ్చి పప్పు కలుపుకుంటున్నాడు.

"ఏమండీ, శనివారం నన్ను పెండ్లి చేసుకుంటరా?"

ఆయన ముద్ద ఆపి ఆలోచించాడు. "శనివారం గిరాకీ ఉంటది కళా. ఎన్నింటికి?"

"పొద్దుగాల ఎనిమిదింటికి."

"అయితె సరే. షటర్ పదింటికి గద తీసేది. అప్పుడు మన బరాత్ మొత్తం వానల కొట్టుకపాయె, గుర్రం గూడ రాలె. ఈసారన్న వస్తదా?"

"గుర్రం రాదు. రాకెట్లు వస్తయ్."

"ఈ వివాహం మీకు ఇష్టమేనా?" అన్న గడిలో టిక్కు పెట్టడానికి ఆయన అవసరానికి మించి సమయం తీసుకున్నాడు. అది ఆమె గమనించింది. అనుమతి నాలుగు నిమిషాల్లో వచ్చింది.

శనివారం పొద్దున మైదానంలో నలభై రెండు మంది పిల్లలు గీత మీద నిలబడ్డారు. నియమం సులువు. చేతిలోని పుల్లకు కట్టిన రబ్బరు బ్యాండుతో రాకెట్ వదలాలి, పడ్డచోటికి ఉరికి మళ్లీ వదలాలి, అవతలి ముగ్గు గీత దాటించాలి. అంతలో బరాత్ పరిశీలకుడు భరత్ అట్ట, పెన్ను పట్టుకుని దిగాడు (పేరు చూసి ఇచ్చిన పోస్టు కాదని ఆయనే ముందుగా చెప్పాడు).

"పెండ్లికొడుకేడి?"

కృష్ణమోహన్ చెయ్యెత్తాడు.

"పెండ్లిపిల్ల?"

కళావతి నోట్లో విజిల్‌తోనే తలూపింది.

"డీజే లేదా? అయ్యో" అని భరత్ నిజంగానే బాధపడి రాసుకున్నాడు.

విజిల్ మోగింది. రాకెట్లు లేచాయి. పిల్లలు కేకలేస్తూ వాటి వెనక పడ్డారు. తేజస్వి రాకెట్ రెండోసారి ఎగరగానే కండె ఊడి రెండు ముక్కలైంది. ఆ పిల్ల ఏడవలేదు. వెనక్కి ఉరికి సంచిలోంచి ఇంకో రాకెట్ తీసింది. పాతది, అట్ట రంగు వెలిసింది, తుడిచినా పోని దుమ్ము. పుల్లకున్న రబ్బరు బ్యాండు సాగదీయగానే పటుక్కున తెగింది.

"టీచర్!"

కళావతి తన చేతికున్నది తీసి ఇచ్చింది. (ఈ కార్యక్రమానికి అందిన ఏకైక ప్రభుత్వ సహకారం ఇదే.)

రాకెట్ లేచింది. పడింది. మళ్లీ లేచింది. మిగతావాళ్లంతా గీత దాటి నీళ్లు తాగుతుండగా, నలభై రెండోదిగా, అందరికన్నా వెనక, నాలుగేళ్లు సజ్జ మీద పడుకున్న ఆ రాకెట్ ముగ్గు దాటి పోయి పడింది. "అక్కది ఎగిరింది టీచర్! అక్కది ఎగిరింది!" అని తేజస్వి గెలిచినవాళ్లకన్నా గట్టిగా అరిచింది.

కళావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఇంత సంతోషం ఆమెకు తన పెళ్లిలో కూడా కలగలేదు, మొదటిదాంట్లో. భరత్ వాచీ చూసుకుని "అప్పగింతలు: సరి" అని రాసుకున్నాడు.

సోమవారం శాలువా కప్పుతుండగా ఆమె ఫోన్ మోగింది. సులభ మైదానం నివేదిక పంపింది. "బరాత్ ప్రశాంతంగా ముగిసింది. వధూవరులు క్షేమం. నృత్యం చేసినవారు: 42. రాకెట్లు: 43. ఒక్కటీ పేలలేదు, నాసిరకం సరుకు." దాని కిందే వార్షిక ప్రకటన కూడా జతచేశారు.

"ఈ సంవత్సరం నగరంలో సైన్సు పోటీల కోసం ఒక్క దరఖాస్తు కూడా రానందున, ప్రజలకు అందులో ఆసక్తి లేదని గ్రహించి, ఆ కాలమ్ అవసరం లేదని నిర్ణయించడమైనది."