కాళ్ళకు గడి లేని ఫారం

మా డయాలసిస్ విభాగంలో కార్నిటిన్ ఇంజెక్షన్లపై జరిపిన పరిశోధన జయప్రదంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఇంజెక్షన్ పనికిరాదని తేలిపోయింది.

కార్నిటిన్ అంటే శరీరం కొవ్వును మండించి కండరాలకు సత్తువగా మార్చుకోవడానికి తోడ్పడే పదార్థం. కిడ్నీలు చెడినవారి రక్తాన్ని యంత్రం వారానికి మూడుసార్లు కడుగుతుంది. చెత్తతోపాటు దీన్నీ ఊడ్చిపారేస్తుంది, యంత్రానికి తన పర భేదం లేదు. పోయినదాన్ని సూదితో ఎక్కిస్తే రక్తంలో కొవ్వు తగ్గుతుందేమో చూద్దామని మా పెద్ద డాక్టరుగారు సంకల్పించారు. అందుకోసం పద్దెనిమిది గడుల ఫారం తయారైంది. గీసిన గుమాస్తాను నేనే.

మూడో మంచం దర్జీగారికి రెండేళ్ళుగా పిక్కలు పట్టేసి కుట్టుమిషన్ మూలపడింది. దాని మీద ఆయన భార్య ఉతికిన బట్టలు మడతపెట్టి ఉంచేది. ఇంజెక్షన్లు మొదలైన రెండో నెలలో ఆయన పరుగులాంటి నడకతో వచ్చాడు.

"నిన్న మిషన్ తొక్కానమ్మా! కూర్చున్నచోటు నుంచి లేవకుండా చొక్కా కుట్టేశా. మా ఆవిడ ఒకటే ఏడుపు, సంతోషంతో!"

నర్సు ఫారం అటూ ఇటూ తిప్పింది. "కాళ్ళకి గడి లేదండీ. కొవ్వుకే ఉంది." అయినా మనసొప్పక, ఖాళీగా కనిపించిన 'దుష్ఫలితములు' గడిలో "మిషన్ తొక్కుచున్నాడు" అని రాసింది.

ముగింపు సభలో పెద్ద డాక్టరుగారు గంభీరంగా ప్రసంగించారు. "కొవ్వు వీసమెత్తు తగ్గలేదు. పైగా ఒక రోగిలో దుష్ఫలితం బయటపడింది. రోగి క్షేమమే మన ఊపిరి! తక్షణం ఇంజెక్షన్లు ఆపేస్తున్నాం." చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

నెల తిరక్కుండానే దర్జీగారి భార్య వచ్చింది.

"ఆ సూదేదో మళ్ళీ వేయించండయ్యా. ఆయన మిషన్ దగ్గర కూర్చుంటున్నాడు గానీ కాలు కదలట్లేదు. మళ్ళీ బట్టలు దాని మీదే పెడుతున్నా."

డాక్టరుగారి ముఖం వెలిగిపోయింది. "చూశారా అమ్మా! దుష్ఫలితం పూర్తిగా నయమైంది."

ఆమె ముఖంలోకి చూడడానికి నాకు సిగ్గేసింది. అందుకే ఆ సాయంత్రం దర్జీగారిని పలకరించడానికి వెళ్ళాను. చుట్టాలూ ఇరుగుపొరుగూ అప్పటికే చేరారు. అందరూ ఒకటే అడుగుతున్నారు. "రిపోర్టులో కొవ్వు ఎంతొచ్చింది?" ఆయన అంకె చెప్పాడు. "పెరగలేదుగా, ఇంకేం, గట్టివాడివే!" అని తృప్తిగా లేచి వెళ్ళారు. మీరు వెళ్ళినా అదే అడిగేవారు. నేనూ అదే అడిగి వచ్చాను.