పేరు రాయని నోటీసు

ఆ ఆదివారం ఉదయం జయరామయ్య పెట్టుకున్న పని ఒక్కటే. టిఫిను తిని, కిందికి దిగి, ఆదెయ్యతో పార్కింగులోంచి పడవ తీసెయ్యమని చెప్పాలి. ఒక్క వాక్యం. అద్దం ముందు గడ్డం గీసుకుంటూ దాన్ని రకరకాలుగా అని చూసుకున్నాడు. ఎలా అన్నా అద్దంలో మనిషి ముందే క్షమాపణ చెప్పుకుంటున్నట్టు కనిపించాడు.

అల్లూరులో సముద్రం వైపు చివరి వీధిలో ఉన్న ఆ అపార్ట్‌మెంటుకు జయరామయ్య సెక్రటరీ. రిజిస్ట్రేషన్ ఆఫీసులో రిటైరయ్యాక జనం ఆయన్ని పిలవడానికి మిగిలిన కారణం ఆ పదవే. నీళ్లు రావడం లేదనో, లిఫ్టు మూలుగుతోందనో ఫోను వస్తే పైకి విసుక్కునేవాడు కానీ, మొదటి రింగుకే ఎత్తేవాడు. పదవి పోతే ఫోను ఎలా ఉంటుందో ఒకటి రెండుసార్లు ఊహించుకుని, ఊహను అక్కడే ఆపేశాడు.

ఆదెయ్య కింది అంతస్తులో ఉంటాడు. రొయ్యల గుంటలు అమ్మి ఫ్లాటు కొన్నాడు. కారు లేదు కాబట్టి తన పార్కింగు చోటులో పాత చెక్క పడవను తెచ్చి బోర్లించాడు. యజమాని తన సొంత వాహనాన్ని ఉంచుకోవచ్చని నిబంధన. వాహనానికి చక్రాలు ఉండాలని అందులో రాయలేదు. సాయంత్రాలు ఆ పడవ మీద ఆదెయ్యా జయరామయ్యా కూర్చుని దోమలు లేచేదాకా మాట్లాడుకుంటారు. జయరామయ్యకు ఆ ఊళ్లో స్నేహమంటూ ఉన్నది అదే.

ముందు రోజు అసోసియేషన్ ప్రెసిడెంటు ఆనందబాబు కొత్త కారు వెనక్కి తీస్తుంటే పడవ ముక్కు తగిలి గీత పడింది.

"రేపు సాయంత్రానికి ఆ పడవ ఇక్కడ ఉండకూడదు సెక్రటరీగారూ. ఉండిందంటే మీటింగు పెట్టి ఇంకో సెక్రటరీని చూసుకుంటాం. మీరు కూడా రెస్టు తీసుకున్నట్టు ఉంటుంది" అన్నాడు ఆనందబాబు.

జయరామయ్య కిందికి దిగేసరికి ఆదెయ్య పడవ పక్కనే పళ్లు తోముకుంటున్నాడు. ఈయన్ని చూసి నోరు కడుక్కుని, భుజం మీది తువ్వాలు తీసి పడవ మీద దుమ్ము తుడిచాడు.

"రా సార్, కూర్చో. ఏంది పొద్దున్నే ఇట్ల వచ్చినావు?"

తుడవకుండా ఉంటే చెప్పేవాడే. "ఏం లేదు. ఈరోజు ఎండ బాగా ఉండేటట్టుంది" అన్నాడు జయరామయ్య.

"ఉంటాది" అన్నాడు ఆదెయ్య, ఆయన ముఖంలోకి చూస్తూ.

పైకి వచ్చి జయరామయ్య నోటీసు రాయడానికి కూర్చున్నాడు. మొదట "పార్కింగులో ఉంచిన పడవను" అని రాశాడు. అపార్ట్‌మెంటులో ఉన్నది ఒకే పడవ కాబట్టి అది పేరు రాసినట్టే అనిపించి "వస్తువును" అని మార్చాడు. పార్కింగు అంటే కూడా తెలిసిపోతుందని ఆ మాట కొట్టేశాడు. కింది అంతస్తు అన్న మాటా పోయింది. మర్యాద కోసమే ఇదంతా చేస్తున్నాననుకున్నాడు. మర్యాదకూ పిరికితనానికీ మధ్య గీత ఎక్కడుందో ఆయన ఎప్పుడూ వెతకలేదు. వెతికితే తాను ఏ పక్కన నిలబడి ఉన్నాడో తెలుస్తుంది. చివరికి మిగిలింది ఇది:

"ఒక ఫ్లాటు వారు చాలాకాలంగా నిబంధనలకు విరుద్ధంగా ఉంచుకున్న దానిని ఈ సాయంత్రంలోగా తొలగించవలెను. అది ఏమిటో వారికి తెలుసు. అసోసియేషనుకు కూడా తెలుసు. మర్యాద దృష్ట్యా పేరు రాయడం లేదు."

లిఫ్టు పక్క గోడకు అంటించి, వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టి, తేలికైన మనసుతో పేపరు చదువుకోసాగాడు.

పేపరు ఇంకా రెండో పేజీకి రాకముందే బెల్లు మోగింది. రెండో అంతస్తు షఫీ. బజారులో గాజుల కొట్టు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి, ఇవాళ నేల చూస్తున్నాడు.

"అన్నా, పావురాల గురించే గదా?"

"పావురాలా?" అన్నాడు జయరామయ్య. ఆయనకు నిజంగానే తెలియదు. షఫీకి మాత్రం అది నిలదీసినట్టు వినిపించింది.

"టెర్రసు మీద ట్యాంకు వెనకాల, గూట్లో పెట్టినా అన్నా. మొదట రెండే. తర్వాత అవి... అవి పావురాలు గదన్నా, ఊరుకోవు. మధ్యాహ్నానికల్లా మా మామ ఇంటికి పంపించేస్తా. మా ఆవిడ షమాకు మాత్రం చెప్పొద్దు, అమ్మేసినానని చెప్పుండా."

"సరే" అన్నాడు జయరామయ్య.

షఫీ మెట్లు దిగుతుండగానే ఎదురు ఫ్లాటు ఉష వచ్చింది. చేతులకు పిండి ఉంది.

"సార్, గ్రైండరు నాదే. బజారులో టిఫిను హోటలుకు ఇడ్లీ పిండి వేస్తున్నా. పెద్ద గ్రైండరు గదా, తెల్లారుజామున కొంచెం మోత వస్తుంది. మీరు లిఫ్టు మెకానిక్కును పిలిపించిన రోజు నాకు చాలా బాధేసింది. ఎట్ల కనుక్కున్నారు సార్?"

లిఫ్టు మూలుగుతోందని ఊరంతా వెతికి మెకానిక్కును తెచ్చింది జయరామయ్యే. అతను లిఫ్టు విప్పి, చూసి, మళ్లీ బిగించి, మూలుగు అలాగే ఉండగా డబ్బు పుచ్చుకుని వెళ్లాడు. ఈ సంగతి ఇప్పుడే తెలిసిందని చెప్పబోయి ఆగాడు. తెలిసినవాడిగా కనిపించడం బాగుంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవరూ తనను అలా చూడలేదు.

"కనుక్కోవలసి వస్తుందమ్మా" అన్నాడు.

ఆ మాట బిల్డింగంతా పాకింది. సెక్రటరీకి అన్నీ తెలుసునట. వరండాల్లోంచి చెప్పుల స్టాండ్లు లోపలికి పోయాయి. ఎవరో మెట్ల కింద నుంచి పాత మంచం మోసుకుపోయారు. షఫీ గోనెగుడ్డ కప్పిన గూడుతో దిగుతుంటే, గ్రైండరు రాయి దొర్లించుకుంటూ ఉష ఎదురైంది. ఇద్దరూ ఒకరిని ఒకరు చూడనట్టు తప్పుకున్నారు. కింద ఏదో ట్రాక్టరు వచ్చిన చప్పుడైంది. దాన్ని వినే తీరిక జయరామయ్యకు లేదు. గుమ్మంలో ఇంకొకరు నిలబడి ఉన్నారు.

భోజనం దగ్గర ఆయన భార్య వనజాక్షి వడ్డించి, కూర్చోకుండా నిలబడింది.

"ఆ నోటీసు నా మీదే గదా."

ముద్ద చేతిలోనే ఆగింది. "నీ మీదా?"

"నటించబాకండి. లిఫ్టు రూములో ఎండుచేపలు నావే. కింద ఆదెయ్యవాళ్ల పేరమ్మక్క దగ్గర కొని ఆరబెట్టినా. వాసన వస్తుందని మీరు గ్రూపులో పెట్టినప్పుడల్లా చూసీ చూడనట్టు ఊరుకున్నా. అందుకని పెళ్లాంతో చెప్పలేక గోడకు రాసి అంటిస్తారా? ఎదురుగా కూర్చోనే గదా రోజూ తింటుండేది."

ఆ వాసన ఆదెయ్య ఇంటిదేనని ఇన్నాళ్లూ నమ్మినందుకు జయరామయ్యకు సిగ్గేసింది. నోటీసు నీకు కాదని చెప్పాడు. మరెవరికని ఆమె అడిగింది. మర్యాద దృష్ట్యా ఆయన చెప్పలేకపోయాడు. దాంతో నోటీసు తనకేనని ఆమెకు ఖాయమైంది. మజ్జిగ ఆయనే పోసుకున్నాడు.

పొద్దు వాలుతుండగా ఆనందబాబు వచ్చాడు. లోపలికి వచ్చి తలుపు తనే దగ్గరగా వేశాడు.

"సెక్రటరీగారూ, పడవ అనే సాకుతో మీరు నా మీదకే వచ్చారు. మంచి దెబ్బే. మోటరు గురించే గదా?"

జయరామయ్య ఈసారి ప్రశ్న కూడా వెయ్యలేదు. ఊరికే చూశాడు.

"పైపుకు డైరెక్టుగా మోటరు పెట్టుకున్నమాట నిజమే. పై ఫ్లాట్లకు నీళ్లు సరిగా ఎక్కకపోవడానికి అదొక్కటే కారణమని నేను ఒప్పుకోను. అయినా తీసేయించాను, వచ్చి చూసుకోండి. మీటింగులో మాత్రం..."

"మరి పడవ?" అన్నాడు జయరామయ్య.

"పడవకేం? ఉండనీండి. సముద్రం పక్క అపార్ట్‌మెంటుకు పడవ అందం. కారుకు గీత కూడా తుడిస్తే పోయింది. మీరే సెక్రటరీగా ఉండాలి. ఇంత పకడ్బందీగా ఎవరు చేస్తారు?"

ఆనందబాబు వెళ్లాక జయరామయ్య కాసేపు కుర్చీలోనే ఉండిపోయాడు. పదవి ఉంది, పడవ ఉంది, ఆదెయ్య ఉన్నాడు. ఎవరితోనూ ఒక్క కటువైన మాట అనవలసిన పని లేకుండానే ఇదంతా జరిగింది. తనలో ఇంత నేర్పు ఉందని తెలియనందుకు తన మీద తనకే కొంచెం జాలి కలిగింది. చొక్కా మార్చుకుని కిందికి దిగాడు.

పడవ లేదు. అది ఉన్నచోట నేల మాత్రం పక్క నేలకన్నా కొత్తగా ఉంది. ఆదెయ్య తన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. వెనక ఆయన భార్య పేరమ్మ చేపలు కడుగుతోంది.

"ఆదెయ్యా, పడవ ఏదీ?"

"మధ్యాహ్నం ట్రాక్టరు మీద ఎక్కించి పంపించినా సార్. బోగోలు దగ్గర ఒకాయన చేపల హోటలు పెడతన్నాడు. వాకిట్లో పెట్టుకోవడానికి ఎప్పటినుంచో అడగతానే ఉండాడు."

"ఎందుకు పంపావు? ఆ నోటీసు నీకని ఎవరు చెప్పారు?"

"నువ్వే చెప్పినావు గదా పొద్దున. ఎండ ఉంటాదని చెప్పేదానికి ఎవరన్నా మెట్లు దిగి వస్తారా?"

బిల్డింగు మొత్తంలో ఆ నోటీసు సరిగ్గా చదివిన మనిషి ఇతనొక్కడే. ఇక దాచి లాభం లేదని జయరామయ్య, జీవితంలో మొదటిసారి, ఎదురుగా నిలబడి చెప్పాడు. "తప్పు చేశాను ఆదెయ్యా. ప్రెసిడెంటు ఒప్పుకున్నాడు. తెప్పిద్దాం. నేనే బోగోలు వెళ్లి మాట్లాడతా."

"తెప్పించబాక సామీ" అంది లోపలినుంచి పేరమ్మ. "పోయిందే మేలు. ఆ కట్టెలు అమ్మెయ్యమని సంవత్సరంగా మొత్తుకుంటుండా. అమ్మితే సారు బాధపడతాడు, దాని మీద కూర్చోకపోతే ఆయనకు పొద్దుపోదు అనేవాడు ఈయన."

జయరామయ్య ఆదెయ్య వైపు చూశాడు. ఆదెయ్య తల గోక్కున్నాడు.

"అవును సార్. నాకేం చేసుకునేదానికి? ఆ చెక్క పుచ్చిపోయింది. నువ్వు దాని మీద ప్రేమగా చెయ్యి రాస్తా కూర్చుంటివి. ఎట్ల చెప్పేది?"

"చెయ్యి రాసింది పడవకు కాదు, నా నడుముకు. ఆ చెక్క మీద కూర్చుంటే పట్టేస్తుంది. లేస్తే నువ్వు నొచ్చుకుంటావని కూర్చున్నాను."

"ఆ నడుము నొప్పికి కూడా ఒక నోటీసు అంటించకపోయినావా సామీ" అంది పేరమ్మ.

పార్కింగులో కుర్చీలు వేసుకోరాదన్న నిబంధన రాసింది జయరామయ్యే కాబట్టి, ఆ సాయంత్రం ఇద్దరూ నిలబడే మాట్లాడుకున్నారు.